మంచి మాట రాసిన ఉత్తరం

బోస్టన్
మార్చి 13

తాతా,

ఫోన్లో అరిచి చెప్పేకంటే రాయడమే మేలనిపించింది. ఫోన్లో నీకు సగమే వినపడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. ఈ సంగతిలో అలా జరగకూడదు.

నాకు సీటు రాలేదు.

డాక్టరు చదువు ముగిస్తున్న వాళ్ళందరికీ ఇవాళ పొద్దున్నే దేశమంతటా ఒకేసారి కబురు వచ్చింది. సర్జరీ నేర్పే ఆసుపత్రులు తమకు నచ్చినవాళ్ళ పేర్లు వరసగా రాసిస్తాయి. మాకు నచ్చిన ఆసుపత్రుల పేర్లు మేమూ అలాగే రాసిస్తాం. కంప్యూటరు రెండింటినీ జోడిస్తుంది. ఎవరికి ఏ ఊరన్నది శుక్రవారం చెబుతారు. సోమవారం మాత్రం దొరికిందా లేదా అన్నదొక్కటే. నాకు వచ్చిన కబురు "చింతిస్తున్నాం" అని మొదలైంది. ఆ తరవాత చదవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఎముకల సర్జరీ కోసం డెబ్భై రెండు చోట్ల దరఖాస్తు పెట్టాను. పది చోట్ల పిలిచి మాట్లాడారు. ఆ పదిమందిలో ఒక్కరికీ నేను అక్కర్లేకపోయాను. చివరికి మా ఆసుపత్రికి కూడా. అక్కడ ఎముకల విభాగానికి పెద్ద లిండ్‌క్విస్ట్. రెండేళ్ళు ఆయన వెనకాలే తిరిగాను. జనవరిలో, ఆపరేషన్ గది బయట చేతులు కడుక్కుంటూ, "నువ్వెక్కడికీ పోవు థియా, మాతోనే ఉంటావు. నిశ్చింతగా ఉండు" అన్నాడు. నిశ్చింతగానే ఉన్నాను. ఇవాళ ఎదురుపడితే నన్ను చూసి మెట్లవైపు తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన కాళ్ళు బాగోవు, తాతా. మెట్లెక్కే మనిషి కాడు.

ఈ నాలుగు రోజులూ మిగిలిపోయిన సీట్ల కోసం వెతుకులాట. ఎముకల్లో ఒక్కటీ మిగల్లేదు. ఒహాయోలో మామూలు సర్జరీలో ఏడాది పని ఉంది. చాకిరీ అంతా చేయించుకుంటారు, ఏడాది కాగానే పొమ్మంటారు. అదైనా వస్తే చేరి, సెప్టెంబరులో మళ్ళీ మొదటినుంచి దరఖాస్తు. రెండోసారి వచ్చినవాళ్ళను సంతలో అమ్ముడుపోక మళ్ళీ తోలుకొచ్చిన గొడ్డును చూసినట్టు చూస్తారు.

శుక్రవారం అందరూ ఊరి పేరున్న కవర్లు చింపుతారు. నేనూ వెళ్ళి చప్పట్లు కొట్టాలి. కొడతాను.

నీ
థియా

*

గ్రానైట్‌విల్
మార్చి 18

థియాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నిలబడి చదివాను, కూర్చోలేక.

ఆ మెట్లెక్కిన పెద్దమనిషిని ఒక్కసారి నా ముందు నిలబెట్టు. నేను కొట్టను. ఊరికే చూస్తాను. యాభై ఏళ్ళు రాయిని చూసిన కళ్ళు ఇవి. పైకి నున్నగా ఉండి లోపల పగులున్న రాయిని చాలా చూశాను.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు రాతి షెడ్డులో పని అడగడానికి వెళ్ళాను. ఫోర్‌మన్ ఒక విరిగిన పలక చూపించి, సమాధి మీద చెక్కే అక్షరం ఒకటి చెక్కమన్నాడు. నాకప్పటికి ఆ అక్షరం సరిగ్గా చదవడమే రాదు. అయినా చెక్కాను. ఆయన వేలితో తడిమి "సోమవారం వచ్చెయ్" అన్నాడు. అంతే. నన్ను పొగుడుతూ ఎవడూ ఉత్తరం రాయలేదు, ఏ కంప్యూటరూ జోడించలేదు. చేతిని చూసి పనిచ్చారు. నీ చేతిని చూసినవాడే నిన్ను కాదన్నాడంటే, వాడికి కళ్ళు లేకపోవాలి, లేకపోతే సిగ్గు లేకపోవాలి.

ఇక్కడ మంచు కరిగి దారులన్నీ బురదమయం. పాల బండి మన మలుపులో ఇరుసు దాకా దిగబడింది. ట్రాక్టరుతో లాగితే బండి రాలేదు, ముందున్న ఇనుప బద్దె ఊడొచ్చింది. డ్రైవరు దాన్ని చంకలో పెట్టుకుని నడిచిపోయాడు.

నా మాట విను. ఒహాయో వద్దు. ఇంటికి వచ్చెయ్. రోవెల్ డాక్టరుకు డెబ్భై దాటాయి, చేతులు వణుకుతున్నాయి. ఊరికి డాక్టరు కావాలి. నిన్ను కాదన్నవాళ్ళ గుమ్మంలో మళ్ళీ నిలబడాల్సిన ఖర్మ నీకెందుకు? మీ అమ్మ పోయినప్పటినుంచి నిన్ను ఇంకొకళ్ళ గుమ్మంలో నిలబెట్టకుండా పెంచాం నేనూ మీ అమ్మమ్మా.

బాగా తిను.

మీ తాత
ఓరెన్

*

బోస్టన్
ఏప్రిల్ 9

తాతా,

ఒహాయోకే వెళుతున్నాను. జూలై ఒకటిన చేరాలి. ఇంటికి రమ్మని ఇంకోసారి రాయకు, జవాబు చెప్పలేక అలిసిపోతాను. నాకు ఊరి డాక్టరు పని తక్కువని కాదు. నాకు ఎముకలు కావాలి. విరిగిన తొడ ఎముకను నిలబెట్టి మేకు దించుతున్నప్పుడు సుత్తి మోత మారుతుంది. సరిగ్గా దిగిందని ఆ మోతే చెబుతుంది. నీకు తప్ప ఇంట్లో ఇంకెవరికి చెప్పినా అర్థంకాని సంగతి.

ఇప్పుడు అసలు విషయం. నన్ను పిలిచి మాట్లాడిన పదిమందికీ ఫోన్ చేసి, నాలో లోటేమిటో చెప్పమని బతిమాలాను. తొమ్మిదిమంది "ఈసారి పోటీ ఎక్కువ" అన్నారు. పదో ఆమె, వయసు మళ్ళిన సర్జన్, "నీ ఉత్తరాల్లో ఒకటి మార్చుకోమ్మా. అంతకంటే అడగకు" అని పెట్టేసింది.

నా గురించి నలుగురు ఉత్తరాలు రాశారు. లిండ్‌క్విస్ట్, మా కాలేజీ వాళ్ళు ఇద్దరు, మన రోవెల్ డాక్టరు. వాటిని మేం చూడకూడదు. చూడబోమని ముందే సంతకం పెడతాం. పెట్టకపోతే ఆ ఉత్తరాలను ఎవరూ నమ్మరు. అంటే మన తలరాత రాసిన కాయితాన్ని మనమే కవరులో పెట్టి, అతికించి, పంపుకోవాలన్నమాట.

ఎవరు రాసి ఉంటారో నాకు అనుమానం లేదు. ఎదురుగా వచ్చి మెట్లెక్కినవాడే.

నీ
థియా

*

గ్రానైట్‌విల్
ఏప్రిల్ 20

థియాకు,

చూశావా, నేను ముందే అన్నాను.

నువ్వు కోప్పడినా సరే, వాడికి నేనే ఉత్తరం రాశాను. ఏం రాశానో దాచను. "అయ్యా, మా షెడ్డులో మాట ఇచ్చి తప్పినవాడి చేతికి రెండోసారి ఉలి ఇచ్చేవాళ్ళం కాము. నువ్వు ఎముకలు అతుకుతావట. ముందు నీ మాటను అతుక్కో. ఎదురుగా పొగిడి, వెనక కాయితం మీద పొడిచేవాడు మగాడు కాడు, సర్జనూ కాడు. ఓరెన్ గెడిస్." అంతే. ఇంకా రాద్దును, కాయితం అయిపోయింది.

శనివారం డాట్ హోటల్లో టిఫినుకు కూర్చున్నప్పుడు రోవెల్‌కు చదివి వినిపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను. గుడ్డును ఫోర్కుతో పొడుస్తూ కూర్చున్నాడు.

"పంపకు ఓరెన్" అన్నాడు.

"ఎందుకు పంపకూడదు?"

"ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి కదా. ఆ ఉత్తరం ఎవరిదో ఏమిటో."

"నువ్వు మంచిగానే రాశావు కదా?"

"నా జన్మలో ఇంకెవరి గురించీ అంత మంచిగా రాయలేదు."

"మరైతే నీకెందుకయ్యా ఉలుకు?" అన్నాను. హోటలామె డాట్ కాఫీ పోస్తూ, "వీళ్ళిద్దరికీ చక్కెర తగ్గించాలి, రెచ్చిపోతున్నారు" అంది. నేను లేచి నేరుగా వెళ్ళి పోస్టులో వేసి వచ్చాను.

నీ తరఫున ఒకడున్నాడని వాడికి తెలియాలి.

తాత

*

బోస్టన్
మే 6

తాతా,

నన్ను లిండ్‌క్విస్ట్ గదికి పిలిచాడు. బల్ల మీద నీ ఉత్తరం ఉంది. నీ రాత దూరం నుంచే గుర్తుపట్టాను. అక్షరాలు రాతిలో దింపినట్టే ఉంటాయి. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

ఆయన అరవలేదు. "మీ తాత సగం నిజం రాశాడు. ఇవ్వడానికి నాకు అధికారం లేని మాట నీకిచ్చాను. పదకొండుమంది కూర్చుని జాబితా రాస్తారు, అందులో నాది ఒక్క గొంతు. ఆ సోమవారం నీ మొహం చూడలేక మెట్లెక్కాను" అన్నాడు. తరవాత తలుపు వేసి, "ఇది నేను చెప్పకూడదు. చెబుతున్నాను. నీ పేరు నాలుగోదిగా రాశాం. అప్పుడొకాయన మీ ఊరి డాక్టరు ఉత్తరం చదివాడు. ఆ తరవాత నీ పేరు ముప్పయి కిందకి పోయింది" అన్నాడు.

రోవెల్ డాక్టరు నన్ను తిట్టలేదు. పొగిడాడు. అమ్మమ్మ మంచాన పడితే నేను చదువు ఆపి నాలుగు నెలలు ఇంట్లో ఉండి, ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, చివరిదాకా చూసుకున్నానని రాశాడు. నా మనసంతా ఊళ్ళోనే ఉందని, ఎముకల ముచ్చట తీరాక మా ఊరి డాక్టరుగానే స్థిరపడతానని రాశాడు.

ఐదేళ్ళు నేర్పడానికి మనిషిని వెతుక్కునేవాళ్ళకు అది ఎలా వినపడుతుందో తెలుసా? ఈ పిల్ల మధ్యలో వదిలేసి పోతుంది అని. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా పోతుంది అని. మగపిల్లాడి గురించి రాసుంటే ఎంత మంచివాడో అనేవాళ్ళేమో. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే, దరఖాస్తులో ఆ నాలుగు నెలల దగ్గర "కుటుంబ కారణాలు" అని రెండు ముక్కలు రాసి వదిలేశాను. రోవెల్‌కు నేను ఒక్క మాట చెప్పలేదు. పక్షవాతం వచ్చాక అమ్మమ్మను చూసింది పట్నం డాక్టర్లు. నేను సెలవులకు వచ్చానని ఊళ్ళో అందరికీ చెప్పింది నువ్వే, నేను అడిగితే.

ముగ్గురికే తెలుసు. ఒకరు పోయారు. ఒకరు నేను.

తాతా, ఆయనకు ఏం చెప్పావు?

థియా

*

గ్రానైట్‌విల్
మే 14

థియాకు,

రోవెల్‌ను పట్టుకుని అడిగాను. హోటలు బయట, వాడి ట్రక్కులో.

"నమ్మినవాడి గొంతే కోశావు కదయ్యా" అన్నాను.

"నువ్వు చెప్పిందే రాశాను! సెప్టెంబరులో ఏం రాయమంటావని అడిగితే, టిఫిను చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మీ ఆవిడ అడెల్ సంగతంతా చెప్పుకొచ్చింది నువ్వు కాదూ? నీకు కళ్ళు చెమర్చాయి. ముప్పయ్యేళ్ళలో నీ కంట నీరు చూడటం నాకదే మొదలు. అది రాయకపోతే ఇంకేం రాయాలి?" అన్నాడు.

నకలు వాడి దగ్గరుంది. నా బాగున్న చెవివైపుకు వచ్చి గట్టిగా చదివాడు. వింటుంటే నాకు బాగుందే థియా. అది నీతో ఎందుకు దాచాలి? నీ గురించి అంత మంచి మాటలు నేనెక్కడా వినలేదు. మీ అమ్మమ్మ విని ఉంటే బాగుండుననిపించింది.

అందుకని చెబుతున్నాను. తప్పు రోవెల్‌ది కాదు, నాదీ కాదు. కన్నతల్లిలా పెంచిన మనిషిని తుడిచి తిప్పి పడుకోబెట్టిన పిల్ల పనికిరాదన్నవాళ్ళది ఆసుపత్రి కాదు, గుర్రాల కొట్టం. అలాంటి చోట సీటు రాకపోవడమే నీ అదృష్టం. సిగ్గుపడాల్సిన పనేదో చేసినట్టు రెండు ముక్కల్లో దాచడం నాకు నచ్చలేదు. నేను దాచలేను. మన ఇంట్లో జరిగిన మంచి అది.

కొత్త ఉత్తరం రాసిస్తానని రోవెల్ అంటున్నాడు. ఈసారి నువ్వెలా చెబితే అలా రాస్తాడట.

తాత

*

ఒహాయో
జూలై 23

తాతా,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. తీరిక లేకపోవడం ఒక కారణం. వారానికి ఎనభై గంటలు కడుపులూ పిత్తాశయాలూ పట్టుకుని నిలబడుతున్నాను. పక్క గదిలోంచి సుత్తి మోత వినపడుతుంటుంది. అది నా గది కాదు.

రోవెల్ డాక్టరుకు ఉత్తరం అక్కర్లేదని చెప్పు. మర్యాదగానే చెప్పు. ఆయన నన్ను మోసం చెయ్యలేదు.

అమ్మమ్మ సంగతి నోరు జారి చెప్పావనుకుంటాను. అది నీ దుఃఖం, ఎవరితోనో ఒకరితో చెప్పుకోవాలి, సరే. కానీ ఆ రెండో మాట? ముచ్చట తీరాక ఊళ్ళో స్థిరపడతానని ఎవరన్నారు? నేనెప్పుడూ అనలేదు. అనని మాట రోవెల్ ఉత్తరంలోకి ఎలా వచ్చింది? నీ జవాబంతా వెతికాను. దాని గురించి ఒక్క ముక్క లేదు. అంత పొడుగు ఉత్తరంలో దాన్ని మాత్రం ఒడుపుగా దాటేశావు. ముక్కుసూటి మనిషివని ఊరంతా నీకు పేరు.

ఇది నీకెప్పటికీ చెప్పకూడదనుకున్నాను. అమ్మమ్మకు నోట మాట సగం పడిపోయాక, ఒకరోజు నువ్వు కట్టెలకు వెళ్ళినప్పుడు, నా చెయ్యి పట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని అంది. "ఆయన నిన్ను రమ్మని అడగడు. అడక్కుండానే రప్పిస్తాడు. రాకు." అప్పుడు నాకు కోపమొచ్చింది, చావబోతూ నీ మీద అలా అందని. నీ తరఫున ఆమెతో వాదించాను, తాతా. పాపం, నోరు లేని మనిషితో.

థియా

*

గ్రానైట్‌విల్
ఆగస్టు 6

థియాకు,

అడెల్ నాతో నలభై తొమ్మిదేళ్ళు కాపురం చేసింది. ఆ మాట నాతో అనలేదు, నీతో అంది. మీరిద్దరూ గదిలో కూర్చుని నా గురించి అలా అనుకున్నారని తెలిశాక వారం రోజులు నీకు రాయకూడదనుకున్నాను. ఆమె సమాధి రాయి దగ్గరకు వెళ్ళి తిట్టాను కూడా. ఆ రాయి మీద పక్కనే నా పేరూ చెక్కి పెట్టుకున్నాను, ఒక తారీకు మాత్రం ఖాళీ. ఎంతని తిడతాను? రేపు ఆమె పక్కనే పడుకోవాలి.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

ఆ సెప్టెంబరులోనే రోవెల్ అడిగాడు, "ఈ ఎముకల పిచ్చి ఎన్నాళ్ళుంటుంది ఓరెన్?" అని. నేను, "పోతుందిలే. నువ్వు దిగిపోయేనాటికి వచ్చి నీ కుర్చీలో కూర్చుంటుంది. నాతో అంది" అన్నాను. నువ్వు అనలేదు. నేను అన్నాను. వాడు ఉత్తరంలో రాస్తాడని తెలిసే అన్నాను. అది నిన్ను ముంచుతుందని మాత్రం తెలియదు. కాయితం మీదికి ఎక్కితే నిజమవుతుందనుకున్నాను. జీవితమంతా నా పని అదే కదా, చెక్కినది ఉండిపోతుంది.

అది పోయే పిచ్చి కాదని నాకు తెలుసు. నీకు పన్నెండేళ్ళప్పుడు విరిగిన నా మణికట్టుకు కట్టు కట్టిన డాక్టరును పక్కకు జరిపి, వంకరగా ఉందని చూపించావు. వంకరగానే ఉంది.

ఇంకొకటి ఉంది. ఇది రాయకపోతే మళ్ళీ దాటేశానంటావు. మార్చిలో నీకు సీటు రాలేదన్న ఉత్తరం వచ్చినప్పుడు, చదవగానే నాకు ముందు కలిగింది సంతోషం. వస్తుంది, ఇక వచ్చేస్తుంది అనుకున్నాను. కోపం తరవాత వచ్చింది. నిలబడి చదివానని రాశాను చూడు. కోపంతో కాదు. నీ గది కిటికీ తెరిచి రావడానికి లేచాను.

క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు. అడిగితే నువ్వు క్షమించాల్సి వస్తుంది. అందుకని అడగను.

రోవెల్‌కు చెప్పాను. మర్యాదగానే.

ఓరెన్

*

ఒహాయో
మార్చి 19

తాతా,

ఆగస్టు నుంచి నువ్వు రాసినవి మూడూ అందాయి. వాటిలో వాతావరణం తప్ప ఏమీ లేదు. ఏమీ అడగలేదు. అది గమనించాను.

సీటు వచ్చింది. ఎముకలే. ఐదేళ్ళు. ఈసారి లిండ్‌క్విస్ట్ మళ్ళీ రాశాడు, ఇక్కడి ఇద్దరు సర్జన్లు రాశారు. ఆ నాలుగు నెలల గురించి ప్రతి చోటా అడిగారు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మళ్ళీ అలాంటి అవసరమొస్తే?" అని ఒకాయన అడిగాడు. "వెళ్ళను" అన్నాను. ఆ మాట ఆయన రాసుకున్నాడు. నేను ఆ మాట అనాల్సి వచ్చింది చూడు, తాతా. అనేటప్పుడు ఎవరి మొహం గుర్తొచ్చిందో నీకు చెప్పక్కర్లేదు.

ఏ ఊరో శుక్రవారం తెలిసింది. నీకు రాయడం లేదు. పగతో కాదు అని ముందు రాశాను. చదువుకుని కొట్టేశాను. నువ్వు ఆగస్టులో నిజం రాశావు, నేనూ నిజమే రాయాలి. పగే. నా గురించి నీకు తెలిసినదంతా నీ నోటి మీదుగా ఇంకొకళ్ళకు చేరింది. ఇదొక్కటి నా దగ్గర ఉండనీ. ఎప్పుడో రాస్తాను. ఎప్పుడో నాకే తెలియదు.

సీటు వచ్చిందని ఊళ్ళో చెప్పుకో. అంతవరకే.

థియా

*

గ్రానైట్‌విల్
మార్చి 25

థియాకు,

ఉత్తరం అందింది. నువ్వు చెప్పుకోమన్నది శనివారం చెప్పాను. డాట్ కూతకు నా చెడ్డ చెవి కూడా గింగురుమంది. అందరూ వచ్చి చెయ్యి కలిపారు.

"ఏ ఊరు?" అంది డాట్.

"తెలియదు" అన్నాను.

"బాగుంది! నీకు తెలియకపోవడమేంటి? గొప్ప ఊరేదో అయ్యుంటుంది, దాస్తున్నాడు ముసలాడు."

"దాయడం లేదు. నాకు చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం నేనే" అన్నాను.

రోవెల్ ఉప్పు డబ్బా నావైపు జరిపాడు. తినేసి వచ్చాను.

మళ్ళీ అవసరమొస్తే వెళ్ళనని ఆయనకు చెప్పావు. బాగా చెప్పావు. ఆ మాట మీదే నిలబడు. ఏ రోజైనా ఇక్కడినుంచి కబురొస్తే, ఆ రోజు నీ చేతిలో ఎవరి కాలుంటే ఆ కాలు అతికించు. ఇది నేను కోపంతో రాయడం లేదు, నిన్ను రప్పించడానికీ రాయడం లేదు. రెండో సంగతి నువ్వు నమ్మవు. నమ్మకు.

ఇంకా రాస్తే అడిగేస్తాను. ఇక్కడ ఆపుతున్నాను.

ఓరెన్